ముందు నువ్వు చెప్పు

గురువారం పొద్దున ఖాలా ఫోన్ చేసేసరికి నేను ల్యాబులో ఒక ఉక్కుముక్కను పాలిష్ చేస్తున్నాను. ఖాలా అంటే మా సార్ భార్య. చదువుకునే రోజుల నుంచి ఆమెను అలాగే పిలుస్తున్నాను.

"మీ సార్ పోయిండు బిడ్డా," అంది. "ఫజర్ నమాజ్ చేసుకొని కుర్చీల కూసున్నడు. చాయ్ అడిగిండు. తెచ్చేవరకు లేడు."

నేను "సరే ఖాలా" అన్నాను. చావు కబురు చెబితే ఎవరైనా సరే అంటారా? నేనన్నాను. ఫోన్ పక్కన పెట్టి పాలిష్ పూర్తి చేశాను. సగంలో వదిలేస్తే ముక్క మీద గీతలు పడతాయి, మళ్ళీ మొదటికొస్తుంది. కడిగాను, ఆరబెట్టాను, పత్తిలో చుట్టి డబ్బాలో పెట్టాను. చేతులు కడుక్కుని సార్ ఉండే మట్టెవాడకు ఆటో ఎక్కాను. ఆటో అతను ఎటు తిప్పాలని అడిగితే దారి కూడా సరిగ్గానే చెప్పాను.

సార్ వరంగల్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లోహాల పాఠం చెప్పేవారు. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక మా పరీక్షల ల్యాబుకు వచ్చేవారు. బాయిలర్ గొట్టాలు, టర్బైన్ రెక్కలు, కొలిమి మూతలు, ఇలా మంటలో బతికే వస్తువులు పగిలితే మా దగ్గరికి తెస్తారు. ఎందుకు పగిలాయో చెప్పాలి. అది తేలికైన పని. ఇంకా పగలని వస్తువును చూపించి, ఇది ఎన్నాళ్ళు నడుస్తుందని అడుగుతారు చూడండి, అప్పుడు తెలుస్తుంది మన సంగతి. మొదటిది పోస్టుమార్టం, రెండోది జాతకం. జాతకం తప్పితే జ్యోతిష్కుడికేం కాదు గానీ, ఇక్కడ తప్పితే మనుషులు పోతారు. సార్ ఈ రెండో పని చేసేవారు. నాకూ నేర్పారు.

నేను వెళ్ళేసరికి గల్లీ అంతా మగవాళ్ళు నిలబడి ఉన్నారు. ఆడవాళ్ళం లోపలి గదిలో కూర్చున్నాం. అత్తరు, కర్పూరం వాసన. చివరిచూపుకు ఇంటివాళ్ళు లేచి వెళ్ళారు. నేను లేవలేదు. మధ్యాహ్నం జొహర్ నమాజ్ తర్వాత కలిమా చదువుతూ జనాజా ఎత్తుకుపోయారు. గల్లీ మలుపు దాటేదాకా ఆ గొంతులు వినిపించి, తర్వాత వినిపించలేదు. పక్కింటామె నా భుజం మీద చెయ్యి వేసి, ఏడువు బిడ్డా, ఏడిస్తే తేలికైతది, గట్ల బిర్రుగ కూసోకు అంది. ఏడుపు వస్తే ఆపుకునేదాన్ని కాదు. రానిదాన్ని ఎక్కడి నుంచి తేను? గోడకు ఆనుకుని కూర్చున్న నాకు ఒక పెనం గుర్తొచ్చింది.

మొదటి క్లాసుకు సార్ సంచిలో పాత ఇనుప పెనం పట్టుకొచ్చారు. వెలుతురుకు ఎత్తి చూపిస్తే నడుమ వెంట్రుకల్లాంటి పగుళ్ళు కనిపించాయి. ఇది ఎందుకు పగిలిందో చెప్పమన్నారు. మంట ఎక్కువై అన్నారొకరు. పాతబడి అన్నారొకరు. ఇనుము మంచిది కాదని నేనన్నాను. ఎవరేం చెప్పినా ఆయన ఒకటే మాట అనేవారు, "ఎందుకు?" దానికి జవాబిస్తే మళ్ళీ "ఎందుకు?" మూడో ఎందుకు దగ్గర క్లాసంతా నోరు మూసింది. అప్పుడు చెప్పారు. రొట్టెలు కాగానే వేడి పెనాన్ని తీసుకెళ్ళి కుళాయి కింద పెడతారు. ఛయ్‌మంటుంది. పైపొర టక్కున చల్లబడి ముడుచుకోవాలని చూస్తుంది. లోపల ఇంకా కాలుతూనే ఉంటుంది కనుక ముడుచుకోనివ్వదు. రోజూ అదే గుంజులాట. ఏదో ఒకనాడు పైపొర చీలుతుంది.

"కాలేటప్పుడు పగలదు. చల్లారేటప్పుడు పగులుతది," అన్నారు. "గిదొక్కటి యాదికి పెట్టుకోండ్రి, సగం సిలబస్ అయిపోయినట్టే."

ఆ పెనం సంగతి ఖాలా వేరేగా చెబుతుంది. చెప్పకుండా పొయ్యి పక్క నుంచి ఎత్తుకుపోయాడట. ఆ రోజు ఇంట్లో రొట్టెలు లేవు. పైగా కుళాయి కింద పెట్టింది తన భార్యేనని కాలేజీ అంతా చాటిండని ఆమెకు కోపం. ఈ మధ్య కూడా ఆ కోపం పూర్తిగా తీరలేదు.

ఆ గదిలో కూర్చుని, నేనింకా చల్లారలేదేమో, అందుకే ఏమీ కావడం లేదేమో అనుకున్నాను. భయం కూడా వేసింది.

సార్ అలవాట్లు చెప్పాలంటే చాలా ఉన్నాయి. మెడలో నల్లదారానికి చిన్న భూతద్దం వేలాడేది. బజారులో వంకాయలు కూడా దానితో చూసేవారని ఖాలా ఎగతాళి చేసేది. పని పట్టుకొచ్చినవాళ్ళను ఎంత వేడిలో నడిపారని ముందు అడిగేవారు కాదు. ఎన్నిసార్లు ఆపి మళ్ళీ మొదలుపెట్టారో అడిగేవారు. విరిగిన రెండు ముక్కలను ఎవరైనా చేతుల్లోకి తీసుకుని అతికినట్టు కలపబోతే మాత్రం ఆయన గొంతు లేచేది. పగిలిన కప్పు చేతికొస్తే ఎవరైనా చేసే పని అదేగా, రెండు ముక్కలూ ఆనించి చూడడం. అలా ఆనిస్తే పగులు ఎక్కడ మొదలై ఎటు నడిచిందో చెప్పే సన్నని గుర్తులు రాసుకుని చెరిగిపోతాయి. మా ల్యాబులో విరిగిన ముక్కలు ఎప్పుడూ పత్తి మీద ఎడంగా పడుకుని ఉంటాయి.

ఒక దసరా తర్వాత ఒక ప్లాంటు వర్క్‌షాపు నుంచి ఒక ఫిట్టరు వచ్చాడు. ఆవిరి వాల్వు మీది మందపాటి మూత విరిగింది. తేవడానికి ముందు దాన్ని కిరసనాయిలుతో కడిగి, తీగబ్రష్షుతో తోమి, నూనె రాసి, ముక్కలు ఎక్కడ విడిపోతాయోనని రెండూ కలిపి తీగతో బిగించి కట్టాడు. నడుమ ఆయుధపూజ వచ్చింది కదా, పానాలూ సుత్తెలతో పాటు దాన్నీ వరుసలో పెట్టి పసుపూ కుంకుమా పూశారట. ఇన్ని చేసి ఎర్రగుడ్డలో చుట్టి సార్ ముందు పెట్టాడు. పెద్దసార్ దగ్గరికి మురికిది ఎట్ల తెస్తమని సంజాయిషీ. నాకు తల పగిలినంత పని అయింది. కడగకూడదని, తోమకూడదని, కలపకూడదని నేర్పిన సారే ఎదురుగా ఉన్నారు, ఒక్కటీ మిగల్చకుండా అన్నీ చేసుకొచ్చాడు.

సార్ అతనికి చాయ్ తెప్పించారు. తర్వాత తీగ విప్పి ముక్కలు ఎడంగా పెట్టి భూతద్దం తీశారు. విరిగిన ముఖం మీద ఏమీ మిగల్లేదు, అంతా తోమేశాడు. మూత పైభాగం చూస్తూ చూస్తూ ఆగిపోయారు. నూనెతో కలిసిన కుంకుమను గుడ్డతో తుడిచిన చోట ఒక ఎర్రటి వెంట్రుక మాత్రం పోలేదు. అది ఇంకో పగులు. విరిగిన చోటుతో సంబంధం లేకుండా పక్కన విడిగా పుట్టి ఎవరి కంటా పడనిది. మేము ఎర్రరంగు మందు పూసి తుడిచి చేసే పరీక్ష కూడా ఇదే, మనిషి కావాలని చేస్తే. సార్ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేదాకా నవ్వారు.

"నీ పూజ ముట్టిందయ్యా," అన్నారు. "మల్ల జెయ్యి. గని ఈ విరిగిన ముఖం మీద మాత్రం చెయ్యి పెట్టకు."

ఆ రెండో పగులును బట్టి అదే వరుసలో ఉన్న మరో వాల్వు మూత విప్పించారు. అది కూడా చీలడం మొదలుపెట్టి ఉంది. ఆ ఫిట్టరు గురువారం గల్లీలో నిలబడి ఉన్నాడు.

సార్ పని పద్ధతిలో నాకు అన్నిటికన్నా కష్టమైనది ఒకటుంది. మన దగ్గర ఏ పంచాయితీలోనైనా పెద్దలు ముందు మాట్లాడతారు, చిన్నవాళ్ళు తలూపుతారు. సార్ దాన్ని తిరగేశారు. ఒక వస్తువు వస్తే ఇద్దరం వేర్వేరుగా చూడాలి. మధ్యలో మాట్లాడుకోకూడదు. చూసింది అయ్యాక ఆయన ఇంట్లో కూర్చుని ముందు నేను చెప్పాలి, నడవనివ్వాలా, ఆపాలా. తర్వాతే ఆయన నోరు విప్పుతారు. మొదట్లో నాకు ఇది హింసగా ఉండేది. మీరే ముందు చెప్పండి సార్ అని బతిమాలేదాన్ని.

"నేను చెప్పినంక నీకు గూడ నా కండ్లే వస్తయి," అన్నారు ఒకసారి. "రెండు జతల కండ్లు పెట్టుకొని ఒక్క జతతోని చూసుడెందుకు? ముందు నువ్వు చెప్పు బిడ్డా."

నేను చెప్పగానే మామూలే, "ఎందుకు?" మూడుసార్లు అడిగి, అప్పుడు తన మాట చెప్పేవారు. చాలాసార్లు మా మాటలు కలిసేవి. కలవని రోజున ఆయన సంతోషంగా కుర్చీ ముందుకు లాక్కునేవారు, నాకు ఒళ్ళు మండేది. ఎవరి మాట నెగ్గినా ఆఖరికి ఇద్దరం ఒకే కాగితం మీద సంతకం పెట్టేవాళ్ళం.

ఆఖరి పని ఒక విద్యుత్ కేంద్రానిది, పేరు అవసరం లేదు. బాయిలర్ పైభాగాన హెడర్ అని ఒక దొడ్డు ఉక్కుగొట్టం ఉంటుంది. కింది నుంచి వచ్చే సన్న గొట్టాలన్నీ దానిలోకి దిగుతాయి, కాగిన ఆవిరంతా అందులో పోగవుతుంది. దాన్ని చేసిన రోజుల్లో బాయిలర్ ఒకసారి వెలిగిస్తే నెలల తరబడి ఒకే వేడి మీద నడిచేది. ఇప్పుడు పగలంతా సోలార్ పలకల నుంచి ఎండ కరెంటు వస్తోంది. అందుకని పొద్దున బాయిలర్‌ను తగ్గిస్తారు, పొద్దుగూకాక మళ్ళీ పెంచుతారు. రోజూ ఇంతే. ఎండ కరెంటు మంచిదే, నేను కాదనను. కానీ ఆ హెడర్ మన పెనం అయిపోయింది.

ఎక్కువ వేడిలో ఏళ్ళ తరబడి ఉంటే ఉక్కు తెలియకుండా సాగుతుంది. వేడీ చల్లనా మళ్ళీ మళ్ళీ తగిలితే అలసిపోతుంది. రెండూ ఒకేసారి జరిగితే దేని వల్ల ఎంత నష్టమో విడదీసి చెప్పడానికి పుస్తకాల్లో లెక్కలున్నాయి. అవి ఒకదానితో ఒకటి పోట్లాడతాయి. రంజాన్‌లో ఒక సాయంత్రం సార్ ఇంట్లో అందరం ఒకే పెద్ద పళ్ళెం చుట్టూ కూర్చుని తింటుంటే, ఈ లెక్క ఎట్లా సార్ అని అడిగాను.

"ఒక్క పళ్ళెంల ఇద్దరు తింటాండ్రనుకో, ఎవరెంత తిన్నరో ఏం చెప్తవు?" అన్నారు. "పళ్ళెంల ఎంత మిగిలిందో చూడు. ముందు తిను."

ఆ హెడర్ పళ్ళెంలో ఎంత మిగిలిందో చూడడానికే ఇద్దరం వెళ్ళాం. బాయిలర్ ఆపినప్పుడు పైకెక్కి, హెడర్ మీద బొటనవేలంత మేర అద్దంలా రుద్ది, మందు పూసి, మెత్తటి ప్లాస్టిక్ పొర ఒత్తి తీస్తే లోహం ముద్ర దాని మీద పడుతుంది. తెచ్చి సూక్ష్మదర్శినిలో చూసుకోవచ్చు. మోకాళ్ళు సహకరించకపోయినా సార్ మెట్లన్నీ ఎక్కారు. ముద్రలు రెండు వంతులు తీశాం, ఆయనకొకటి, నాకొకటి. దిగేటప్పుడు హెడర్ కింది నడకబాట మీద పనివాళ్ళు భోజనం డబ్బాలు పట్టుకుని పోతున్నారు. సార్ పక్కకు జరిగి వాళ్ళకు దారిచ్చారు.

బుధవారం ఆయన తన ముద్రలు చూడడం అయిపోయింది. నేను ఇంకోసారి చూడాలన్నాను. తొందరపడకు, ఆదివారం సాయంత్రం అసర్ నమాజ్ తర్వాత ఇంటికి రా, ముందు నువ్వు చెబుదువు గానీ అన్నారు. గురువారం పోయారు.

శుక్రవారం ప్లాంటు ఇంజనీరు ఫోన్ చేశాడు. అతనూ సార్ దగ్గర చదువుకున్నవాడే, నాకన్నా చిన్న. చాలాసేపు ఏడ్చాడు. అతని ఏడుపు వింటూ నేను కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చున్నాను. తేరుకున్నాక అసలు సంగతికి వచ్చాడు. పై నుంచి ఒత్తిడి ఉంది. యాసంగి వరి పొట్ట మీదుంది, ఊళ్ళల్లో మోటార్లన్నీ నడుస్తున్నాయి, ఇప్పుడు బాయిలర్ ఆపితే నానా మాటలు పడాలి. ఎండాకాలం దాటితే ఎలాగూ ఆపి హెడర్ మార్చేస్తారు. అప్పటిదాకా నడిపితే చాలు.

"అక్కా, సార్ ఏమన్న అన్నరా?" అన్నాడు. "ఒక్క మాట చాలు. నడువనియ్యమన్నరని నువ్వు చెప్పు, మిగతాది నేను చూసుకుంట."

అతను చెడ్డవాడు కాదు. నెక్కొండ దగ్గర మా బాపు పొలం కూడా పొట్ట మీదే ఉంది, ఆ కరెంటుతోనే పారుతుంది. సార్ అన్నారని నేనంటే కాదనే మనిషి భూమ్మీద లేడు. నాకూ ఎంతో సులువయ్యేది. శనివారం మళ్ళీ అడిగాడు. సార్ మనసులో ఏముందో నిజంగా నాకు తెలియదు. ఆయన ముద్రలు సూక్ష్మదర్శిని పక్కన అద్దపు పలకల మీదే ఉన్నాయి, దేని మీదా ఒక్క గుర్తు పెట్టలేదు. నేను చెప్పేదాకా తన మాట ఎక్కడా వదలకూడదన్నది ఆయన పట్టుదల. ఆ పట్టుదల మీద నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. పోయిన మనిషి మీద కోపమేమిటంటారా, వచ్చింది.

నా ముద్రల్లో చూసింది చెబుతాను. లోహం రేణువులు రేణువులుగా ఉంటుంది. ఒక గొట్టం హెడర్‌లోకి దిగే చోట ఆ రేణువుల అంచుల వెంట చిన్న చిన్న గుంటలు పడ్డాయి. అక్కడొకటి ఇక్కడొకటి ఉంటే ఫికర్ లేదు. ఇవి వరుస కట్టడం మొదలుపెట్టాయి. ఒకే వేడి మీద నడిచే బాయిలరైతే, మధ్యలో ఒకసారి చూసుకుంటూ ఎండాకాలం దాటించొచ్చు అనేదాన్ని. రోజూ దించి ఎక్కించే బాయిలర్‌కు ఆ ధైర్యం చేయలేను. సార్ చేసేవారేమో. ఆయన చూసినవి నేను చూడలేదు.

ఆదివారం అసర్ తర్వాత మట్టెవాడ వెళ్ళాను. చెప్పిన వేళకు వెళ్ళడం తప్ప ఇంకేం చేయాలో తెలియలేదు. ముందురోజే మూడోనాటి జియారత్ అయిపోయింది, చుట్టాలు వెళ్ళిపోయారు. మూడు రోజులూ పొరుగువాళ్ళే అన్నం పంపారు. ఆ పూటే ఖాలా మళ్ళీ పొయ్యి వెలిగించింది. భర్త పోయాక పాటించే ఇద్దత్ గడువులో ఉంది కనుక గడప దాటదు. నన్ను చూసి, రొట్టెలు చేస్తున్నా, తిని పో అని లోపలికి వెళ్ళింది. ముందు గదిలో సార్ కుర్చీ ఉన్న చోటే ఉంది. నేను ఎప్పుడూ కూర్చునే తఖ్తు బల్ల మీద, దానికి ఎదురుగా కూర్చున్నాను. సార్ ఏమైనా అన్నారా ఖాలా అని అడుగుదామని వచ్చాను. అడగబుద్ధి కాలేదు.

"ఆపాలె సార్," అన్నాను కుర్చీతో.

నా గొంతు నాకే కొత్తగా ఉంది. వంటింట్లో రొట్టె చరిచే చప్పుడు ఆగింది. చేతులకు పిండితోనే ఖాలా తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. ఇన్నేళ్ళుగా ఆ తలుపు అవతల నుంచి మా వాదనలన్నీ వింటూ వంట చేసిన మనిషి.

"ఎందుకు?" అంది.

గుంటలు వరుస కట్టాయని చెప్పాను. ఆమెకు అర్థమైందో లేదో తెలియదు, తల ఊపలేదు.

"ఎందుకు?"

రోజూ దించి ఎక్కిస్తున్నారు, అదిప్పుడు మన పెనం ఖాలా అన్నాను. ఆమె కళ్ళు ఒక్కసారి కుర్చీ వైపు పోయి వచ్చాయి.

"ఎందుకు?" అంది మళ్ళీ. మూడోది.

మూడోదానికి నా దగ్గర లోహాల మాటలేవీ మిగల్లేదు. "దాని కింద మనుషులు నడుస్తాండ్రు ఖాలా," అన్నాను.

ఆమె చేతుల పిండి కొంగుకు తుడుచుకుంది. "మీ సార్ ఏమనుకున్నడో నాకు తెల్వది బిడ్డా. నాతోని చెప్పలే. ముందు ఆమె చెప్పాలె, నీకెట్ల చెప్తనన్నడు," అంది. "నువ్వయితే చెప్పినవు."

మర్నాడు అదే రాసి ఇచ్చాను. ఒక్క సంతకంతో ఇచ్చిన మొదటి కాగితం అది. సార్ ఏమీ అనలేదని, ఇది నా మాట అని ఇంజనీరుకు చెప్పాను. సరే అక్కా అని ఊరుకున్నాడు. బాయిలర్ ఆపారు. చాలామంది తిట్టుకున్నారు, మా బాపు కూడా పేరు తెలియని ఎవరినో ఫోన్లో నా ముందే తిట్టాడు. హెడర్ ఇంకా కోయలేదు. కోస్తే లోపల పగులుందో, నేను ఊరికే భయపడ్డానో తెలుస్తుంది. ఏది తేలినా, ఆ రోజు చూసినదాన్ని బట్టి నేను చెప్పే మాట అదే.

ఆ ఆదివారం సాయంత్రం, కుర్చీకి నా మాట చెప్పాక, ఖాలా వెనకాలే వంటింట్లోకి వెళ్ళాను. ఆఖరి రొట్టె కాల్చి మంట ఆర్పింది. గుడ్డతో పెనం పట్టుకుని అలవాటుగా కుళాయి వైపు ఒక అడుగు వేసింది. ఆగింది. వద్దని అరిచే మనిషి లేడు. అయినా వెనక్కి తిరిగి పెనాన్ని గచ్చు మీది ఇటుకపై మెల్లగా దించింది. ఇద్దరం దాని పక్కనే పీటలేసుకుని కూర్చుని రొట్టెలు తిన్నాం. అంట్లు తీశాక కూడా కూర్చునే ఉన్నాం. బయట మగ్రిబ్ అజాన్ మొదలైంది. ఇప్పటికి చల్లారి ఉంటుందిలే అని చెయ్యి చాచి పెనం అంచు ముట్టుకున్నాను. ఇంకా వేడిగానే ఉంది.